ఏడో బ్లాకు మెట్లు

జూన్ 3, సోమవారం

కొత్త నోటుబుక్కు. పాతది సగంలో ఆపేశాను, తిరగేస్తే నాకే విసుగేసింది. ఇందులో సణగకూడదని రూలు పెట్టుకున్నాను. ఎన్నాళ్ళు సాగుతుందో.

ఇవాళ ఆస్పత్రి మ్యాపు షీటు మొదలైంది. పదకొండు బ్లాకులు, ఒకే షీటు మీద. గేటు దగ్గర నిలువెత్తు బోర్డుగా పెడతారట, ప్రతి అంతస్తులోనూ చిన్న కాపీలు. పైనుంచి ఒక మూలగా వంగి చూస్తే కట్టడాలు ఎలా కనబడతాయో అలా గీయాలి. ఐసోమెట్రిక్. దూరం పోయేకొద్దీ చిన్నవి కావు. ముందున్న గది ఎంతో వెనకున్న గదీ అంతే. ముప్ఫై డిగ్రీలు ఇటు, ముప్ఫై డిగ్రీలు అటు, నిలువుగీత నిలువే. ఈ మూడు దిక్కులు తప్ప నాలుగోది లేదు. నా బతుక్కి తగ్గ జామెట్రీ.

షేడింగ్ సంగతి పెద్దనాన్న మళ్ళీ మొదటినుంచీ చెప్పాడు, నేనేదో నిన్న చేరినట్టు. వెలుతురు ఎప్పుడూ ఎడమ పైనుంచి. పైకప్పు తెల్లగా వదిలెయ్. ఎడమ గోడకి గట్టి పెన్సిల్, 2H తో పల్చటి గీతలు, ఎడంగా. కుడి గోడకి మెత్తటి HB, దగ్గర దగ్గరగా. నేలమీద నీడ గోడ ఎత్తులో సగమే ఉండాలి, అంతకు మించితే సాయంకాలం అయిపోయినట్టుంటుంది, అసలే ఆస్పత్రి, వచ్చినవాళ్ళు దిగులు పడతారు అన్నాడు. అద్దాలకి గీతలు కొన్ని తెంపెయ్. గీత అంచుదాకా పోకూడదు, వెంట్రుకవాసి ముందే ఆగాలి. అలా వదిలేసిన సన్నటి తెల్లచారే పెద్దనాన్న చెయ్యి. ఏ ఆఫీసు గోడమీదున్న మ్యాపునైనా ఆ చార చూసి ఇది మాస్టారిదే అనేస్తారు.

ఆయనది కాదు. ఏడాదిన్నరగా నాది.

జూన్ 5, బుధవారం

మొన్న ఆ వాక్యం రాసి పుస్తకం మూసేశాను, ఎవరైనా చూస్తారేమోనని. ఎవరు చూస్తారు? పెద్దమ్మ నా పరుపు కింద వెతికే రోజులు పోయాయి. రాసేస్తాను.

పెద్దనాన్న కుడిచెయ్యి వణుకుతోంది. మొదట చిటికెనవేలు, తర్వాత మణికట్టు. ఇప్పుడు టీకప్పు రెండు చేతులా పట్టుకుంటాడు, ఎండలో కూడా చలేస్తున్నట్టు నటిస్తాడు. ఇది తగ్గేది కాదని డాక్టరు తేల్చేశాడు. ఈ సంగతి తెలిసినవాళ్ళం ముగ్గురం. ఆయన, పెద్దమ్మ, నేను.

మా మ్యాపుల షాపు తలుపుకి గంట ఉంది. గంట మోగగానే నేను డ్రాయింగ్ బోర్డు ముందునుంచి లేస్తాను, ఆయన కూర్చుంటాడు. నేను వెళ్ళి కెటిల్ దగ్గర నిలబడతాను. ఆయన పెన్సిల్ చెవి వెనక పెట్టుకుంటాడు, చేత్తో పట్టుకోడు. వచ్చినవాళ్ళు వెళ్ళాక లేస్తాడు, నేను కూర్చుంటాను. కుర్చీ వెచ్చగా ఉంటుంది. దీని గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మొదటిసారి ఎలా జరిగిందో కూడా గుర్తులేదు. పెద్దమ్మ మాత్రం ఒకరోజు మెట్లు దిగుతూ చూసి, కుర్చీలాట బాగా ఆడుతున్నారు తండ్రీకూతుళ్ళు, పాట నన్ను పెట్టమన్నారా అంది. ఎవరం నవ్వలేదు. ఆవిడొక్కతే నవ్వుకుంది.

డిగ్రీ అయ్యాక, ఉద్యోగం వచ్చేదాకా ఉండమని నాన్న నన్ను వీళ్ళింట్లో దింపి వెళ్ళాడు. కింద షాపు, పైన ఇల్లు. నా గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. చెయ్యి చాపితే అందుతుంది.

జూన్ 8, శనివారం

ఉద్యోగం ఒకటి కనబడింది.

డ్రాఫ్టింగ్ పత్రిక వెనక పేజీలో, అరచేతిలో సగం ఉంది ప్రకటన. చేత్తో గీసిన మ్యాపులు మాత్రమే చేసే ఆఫీసు. మ్యూజియాలకీ, యూనివర్సిటీలకీ, రైల్వే స్టేషన్లకీ. రైల్లో పదకొండు గంటల దూరం. రెండు ఖాళీలు. సొంత పేరుతో ఉన్న షీట్లు మూడు పంపాలి.

సొంత పేరు. ఏడాదిన్నరలో ఇరవై ఆరు షీట్లు గీశాను. ఇరవై ఆరింటి మూలనా పెద్దనాన్న సంతకం. అదీ నేనే పెట్టాను. ఆయన సంతకం ఇప్పుడు ఆయనకంటే నాకే బాగా వస్తుంది.

నాన్నకి ఫోన్ చేసి కదిపి చూశాను. పెద్దనాన్నకి చేదోడుగా ఉన్నావు, మంచి ఇల్లు, మంచి పని, నీకింకేం కావాలే అన్నాడు. ఏం కావాలో నాకు వెంటనే తట్టలేదు. ఫోన్ పెట్టేశాక తట్టింది.

జూన్ 14, శుక్రవారం

షాపు మూసి ఉండే మధ్యాహ్నాల్లో మూడు షీట్లు పూర్తిచేశాను. ఒకటి పోస్టాఫీసు. ఒకటి దర్జీ సందు, రేకుల కప్పులతో సహా. మూడోది మా ఇల్లే, పైకప్పు ఎత్తి పక్కన పెట్టినట్టు. వంటింట్లో పెద్దమ్మని రెండే గీతల్లో పెట్టాను, వీపు చూసినా ఆవిడే అని తెలిసిపోతోంది. నా గది దగ్గరికి వచ్చేసరికి నవ్వొచ్చింది. నీడ పరవడానికి చోటే లేదు. మంచం నీడ నేలమీద పట్టక గోడెక్కింది.

మూలన నా పేరు రాశాను. పోస్టులో వేశాను. ఇంట్లో చెప్పలేదు.

జూన్ 19, బుధవారం

పోస్ట్‌మాన్ ఇవాళా మా గుమ్మం దాటి పోయాడు.

జూన్ 27, గురువారం

జవాబు వచ్చింది.

మీ పని శుభ్రంగా ఉంది అన్నారు. అంచు దగ్గర ఆగే గీత అద్భుతం అన్నారు. కానీ ఈ చెయ్యి మాకు బాగా తెలుసు, ఫలానా మాస్టారి షేడింగ్‌ని ఇంత దగ్గరగా దింపినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు, అయితే దింపేవాళ్ళు మాకు అక్కర్లేదు అన్నారు. ఎవరైనా మీ చేత గీయించుకున్న అసలు పని ఉంటే, మీ పేరుతో ఉంటే, గీయించుకున్నవాళ్ళ లేఖ జతచేసి జూలై ఆఖరులోగా పంపండి, మళ్ళీ చూస్తాం అన్నారు. ఎంత మర్యాద! కోపం తెచ్చుకోడానికి కూడా సందివ్వలేదు.

మూడుసార్లు చదివాను. నా చేతికి నేను నకలు.

మధ్యాహ్నం పెద్దనాన్న నా వెనక నిలబడి, నాలుగో బ్లాకు కుడి గోడ చూసి, భేష్, అచ్చం నాలాగే వేశావు అన్నాడు. పెన్సిల్ విరిచేద్దామనిపించింది. చెక్కుకుని మళ్ళీ మొదలుపెట్టాను.

జూలై 4, గురువారం

మూడు రోజులుగా వేరేలా గీయాలని చూస్తున్నాను. చుక్కలతో నింపితే దుమ్ము పట్టినట్టుంది. అడ్డగీతల మీద అడ్డగీతలు వేస్తే గోడలు దుప్పటి కప్పుకున్నట్టున్నాయి. వేలితో పులిమితే మురికి. చిత్తుకాగితం మీద కొత్తగా ఏం చేసినా, చెయ్యి తనంతట తనే అంచుకి వెంట్రుకవాసి ముందు ఆగిపోతోంది. గుర్రాన్ని గుంజకి కట్టేసినట్టు.

అందుకని ఇవాళ ఒక పని చేశాను.

ఏడో బ్లాకు పక్కన కింది అంతస్తుకి మెట్లున్నాయి. షీటు మొత్తంలో బొటనవేలంత చోటు. దానికి వెలుతురు కుడినుంచి తెచ్చాను. పదకొండు బ్లాకులూ ఆయన సూర్యుడి కింద ఉండనీ. ఈ బొటనవేలంత చోటు నా సూర్యుడిది. ఎవరికీ కనబడదు. నాకు తెలిస్తే చాలు.

షీటు మీద కాగితం కప్పి లేచాను. పెద్దనాన్న తర్వాత కాగితం ఎత్తి చూసుకున్నాడు, రోజూ చూసినట్టే. ఏమీ అనలేదు. సన్నగా ఈల వేసుకుంటూ పైకి వెళ్ళాను. పెద్దమ్మ, ఏంటే అంత హుషారు, ఎవడైనా దొరికాడా అంది. దొరికాడు, సూర్యుడు అన్నాను. ఎండకి మతి పోయింది దీనికి అంది.

జూలై 8, సోమవారం

షీటు పూర్తి. గురువారం ఇంజనీరు వస్తాడు.

జూలై 11, గురువారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. వరసగా రాస్తాను.

ఆస్పత్రి ఇంజనీరుని నేను టేపు అంటాను. నడుముకి కొలతల టేపు వేలాడుతుంటుంది, మాట్లాడుతూ దాన్ని లాగి వదులుతుంటాడు. టక్, టక్. పదిన్నరకి గంట మోగింది. లేచాను. పెద్దనాన్న కూర్చున్నాడు, పెన్సిల్ చెవి వెనక పెట్టుకున్నాడు. నేను కెటిల్ దగ్గరికి.

టేపు కప్పిన కాగితం తీసి ఒక్కో బ్లాకూ వేలు పెట్టి చూశాడు. అబ్బ, మాస్టారూ, మా ఆస్పత్రి ఇంత బాగుంటుందని నాకే తెలీదండీ అన్నాడు. ఏడో బ్లాకు దగ్గర వేలు ఆగింది. తల పక్కకి వంచాడు. బల్ల అటువైపు వెళ్ళి చూశాడు, మళ్ళీ ఇటొచ్చాడు. ఇదేంటండీ, ఈ మెట్లు పైకెక్కుతున్నాయి, పైన ఏముందని ఎక్కడానికి, ఇవి కిందకి కదా దిగాలి అన్నాడు.

నాకు అక్కడినుంచే కనబడింది. వారం రోజులు నా కళ్ళెదుటే ఉండి కనబడనిది, అతను అనగానే కనబడింది. ఎడమ వెలుతురులో గట్టుకి ఎడమ పక్క తెలుపు, కుడి పక్క నలుపు. గొయ్యి అయితే తలకిందులు, లోపల ఎడమ గోడ నలుపు, కుడి గోడ తెలుపు. నేను వెలుతురు కుడికి తిప్పేసరికి గొయ్యికి గట్టు రంగులొచ్చాయి. చుట్టూ పదకొండు బ్లాకులు ఎడమ సూర్యుణ్ణి చూపిస్తుంటే చూసేవాడి కన్ను వాటినే నమ్ముతుంది. దిగాల్సిన మెట్లు స్టేజీలా లేచి నిలబడ్డాయి.

అవి మామూలు మెట్లు కావు. ఆ బ్లాకులో పొగ వస్తే జనం బయటపడే దారి. కింద సొరంగంలాంటి నడవా, దాని చివర వెనక రోడ్డు. ప్లాను నేనే చదివాను. చదివీ, నా సూర్యుణ్ణి తెచ్చి అక్కడే పెట్టాను.

టేపు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పర్లేదు లెండి, పెన్సిలే కదా, తుడిచి రెండు నిమిషాల్లో వేసెయ్యండి, నేనుంటాను, పన్నెండింటికి సూపరింటెండెంటు గారికి చూపించాలి అన్నాడు. టక్.

ఒక్క మాట చాలు. పెద్దనాన్నా, నీ కళ్ళజోడు పైనుంది, నేను వేస్తాలే అంటే అయిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. పెద్దనాన్న నావైపు చూశాడు. నేను కెటిల్ మూత వైపు చూశాను.

ఎందుకు చూశానో ఇక్కడ నిజం రాయాలి. భయపడి కాదు. జరగనీ అనుకున్నాను.

తుడవడం బాగానే తుడిచాడు. రబ్బరుకి వణుకు కనబడదు. తర్వాత చెవి వెనకనుంచి పెన్సిల్ తీశాడు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు. మొదటి గీత సగందాకా వచ్చి పాకినట్టు పక్కకి పోయింది. రెండోది అంచు దాటి ఏడో బ్లాకు గోడలోకి వెళ్ళిపోయింది. మూడోది మొదలుపెట్టాడు. ఆయన ఆపడేమో, షీటంతా అలా గీస్తూనే ఉంటాడేమో అనిపించింది. ముక్కు చివర చెమట.

టేపు చప్పుడు ఆగింది. అతను షీటు చూశాడు, పెద్దనాన్న చెయ్యి చూశాడు, తర్వాత నన్ను చూశాడు. మొహం కాదు, చిటికెనవేలి పక్కన. అక్కడ పెన్సిల్ మసి ఉంటుంది నాకు, సబ్బుకి కూడా పోదు. పెద్దనాన్న చెయ్యి కడిగిన పింగాణీలా ఉంది.

ఎన్నాళ్ళనుంచమ్మా అన్నాడు. ఏడాదిన్నర అన్నాను. మీ ఇద్దరిలో ఎవరికీ నోరు లేదా అన్నాడు. పెద్దనాన్న పెన్సిల్ కింద పెట్టి, నాకే లేదు, దాన్నేమనకండి అన్నాడు.

టేపు లేచి షీటు మీద కాగితం కప్పేశాడు. అరుస్తాడనుకున్నాను. అరిస్తే బాగుండేది. షీటు మళ్ళీ గీసి మంగళవారానికి ఇవ్వండి, ఎవరు గీస్తే వాళ్ళ పేరే ఉండాలి, రేపు పొగలో ఎవరైనా ఆ మెట్ల దగ్గర చిక్కుకుంటే నేను ఎవర్ని అడగాలి, ఈ పెద్దాయన్నా అన్నాడు. వెళ్తూ గుమ్మంలో ఆగి, మీ మ్యాపు పట్టుకునే నేను మొదటిసారి మా యూనివర్సిటీలో దారి తెలుసుకున్నానండీ మాస్టారూ అన్నాడు. గంట మోగింది.

పెద్దనాన్న కుర్చీలోనే ఉండిపోయాడు. నేను ఎదురుగా నిలబడి, వెలుతురు నేనే మార్చాను, కావాలనే అన్నాను. తెలుసు, పోయిన గురువారమే చూశాను, నువ్వే దిద్దుకుంటావనుకున్నా అన్నాడు.

పెద్దమ్మ మెట్లమీద ఉంది. మొత్తం విన్నట్టుంది. మా అందరి మీదా వాగే నోరు ఆ ఒక్క నిమిషం ఎటు పోయిందే నీకు అంది. జవాబు చెప్పలేదు. ఉంది, చెప్పలేదు.

జూలై 12, శుక్రవారం

టేపు ఎవరో మనిషి చేత కాగితం పంపాడు. పేరు పెట్టేవాళ్ళు ఒప్పుకోవాల్సిన షరతులట. పెద్దనాన్న ఇలాంటివి ఎన్ని సంతకాలు పెట్టాడో, నేనెప్పుడూ చదవలేదు. ఇవాళ చదివాను.

ఆస్పత్రిలో ఏ గోడ కట్టినా, కొట్టినా, తలుపు మార్చినా, కబురు అందిన వారంలోగా షీటు మీద పేరున్న మనిషి స్వయంగా వచ్చి, చూసి, మ్యాపు దిద్దాలి. మూడేళ్ళు.

అంటే నా పేరు రాసుకోవచ్చు. ఆ పేరుతో అక్కడ ఉద్యోగం రావచ్చు. వచ్చినా వెళ్ళడానికి లేదు. పేరు రాయకపోతే వెళ్ళొచ్చు. అప్పుడు ఉద్యోగం రాదు. ఎవరో కూర్చుని బిగించినట్టుంది.

జూలై 13, శనివారం

పెద్దనాన్నకి అంతా చెప్పేశాను. ప్రకటన, మూడు షీట్లు, దింపేవాళ్ళు అక్కర్లేదన్న ఉత్తరం. ఆ ఉత్తరం ఆయన చదువుతుంటే కాగితం గలగలలాడింది. అంచు దగ్గర ఆగే గీత అద్భుతం అన్నచోట ఒక్క క్షణం సంబరపడ్డాడు, నాకు తెలుసు. తర్వాత మిగతాది చదివాడు.

నేనీ ఊరు దాటి రెండు రోజులు ఎక్కడన్నా ఉండగా చూశావా, ఎందుకనుకున్నావ్ అన్నాడు. ఊరంటే అంత ఇష్టమేమో అనుకున్నాను అన్నాను. నా మొహం ఇష్టం, ఇలాంటి కాగితాల మీద సంతకం పెట్టిన తొమ్మిది బిల్డింగులే, ఎక్కడ గోడ మారినా నేనే వెళ్ళాలి అన్నాడు. మీ పెద్దమ్మ సముద్రం చూస్తానని పెళ్ళైన కొత్తలో అడిగింది, టికెట్లు కూడా తీశాను, సరిగ్గా ఆ రోజు కాలేజీవాళ్ళు లైబ్రరీలో గోడ కొట్టారు అన్నాడు. వంటింట్లోంచి పెద్దమ్మ, ఆ గోడ ఎవడు కొట్టాడో వాడి చేతులు పడిపోనూ అంది. అన్నాక తనే నాలుక కరుచుకుంది. పెద్దనాన్న పగలబడి నవ్వాడు. ఈ నెలంతటిలో అదే మొదటి నవ్వు.

జూలై 15, సోమవారం

మూడు రోజులుగా బోర్డు ముందే. పదకొండు బ్లాకులూ అయ్యాయి. గంట మోగినా లేవడం లేదు. పెద్దనాన్నే కెటిల్ దగ్గర ఉంటున్నాడు. దర్జీ వచ్చి, ఏంటి మాస్టారూ అటు నిలబడ్డారు అంటే, టీ రుచి చూస్తున్నానన్నాడు.

ఏడో బ్లాకు మెట్లు ఆఖర్న వేశాను. ఎడమ గోడ నలుపు, కుడి గోడ తెలుపు. మెట్టు మెట్టుకీ నీడ. గొయ్యి గొయ్యిగా దిగింది. చిన్నపిల్లలు కూడా కిందికే దిగుతారు. ఇంత మంచి షేడింగ్ నేను ఇంతవరకూ వెయ్యలేదు. ఇది ఎవరి చెయ్యి అని ఆలోచించడం మర్చిపోయాను, అప్పుడు అంచు దగ్గర ఆగిందో లేదో చూసుకోలేదు. తర్వాత భూతద్దం పెట్టి చూశాను. రెండు చోట్ల ఆగలేదు. అలాగే ఉంచాను.

జూలై 16, మంగళవారం

పేరు రాసే గడి షీటుకి కుడి కింద ఉంటుంది. గీసినవారు అని ఒకటే గడి. దాంట్లో నా పేరు రాయమన్నాడు పెద్దనాన్న. రాశాను. దానికింద ఇంకో గడి గియ్యి అన్నాడు. ఎందుకన్నాను. గియ్యవే ముందు అన్నాడు. గీశాను. మార్పుల బాధ్యత అని రాయి అన్నాడు. రాశాను. పెన్ను తీసుకుని అందులో తన సంతకం మొదలుపెట్టాడు.

నాలుగు నిమిషాలు పట్టింది. గడి దాటి బయటికొచ్చింది. ఇన్నాళ్ళు నేను పెట్టిన ఆయన సంతకాల పక్కన పెడితే ఆయనదే దొంగ సంతకంలా ఉంది.

రేపు గోడ మారిస్తే ఎవరు దిద్దుతారు, ఏ చేత్తో దిద్దుతావు అన్నాను. గట్టిగానే అన్నాను. గోడలేమన్నా రోజూ నడుస్తాయా, నువ్వు ముందు ఆ ఉత్తరం సంగతి చూడు అన్నాడు.

టేపు పదకొండింటికి వచ్చాడు. రెండు గడులూ చదివాడు. పెద్దనాన్న చేతివైపు చూడకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాడు. కాగితంలో స్వయంగా అని ఉంది మాస్టారూ అన్నాడు. స్వయంగానే వస్తాను, నా కాళ్ళు బాగానే ఉన్నాయిగా అన్నాడు పెద్దనాన్న. టేపు తల గోక్కున్నాడు. ఆ గడి మీద తన టేపు పెట్టి కొలిచాడు, ఎందుకో. సరే అన్నాడు. నేను అడిగిన లేఖ అక్కడే కూర్చుని రాసిచ్చాడు. ఈ మ్యాపు ఈ అమ్మాయే గీసింది, మా కళ్ళతో చూశాం. చూడలేదు నిజానికి. మసి చూశాడు.

జూలై 30, మంగళవారం

ఆస్పత్రి మ్యాపు కాపీ, టేపు లేఖ పంపిన ఆఫీసునుంచి జవాబొచ్చింది, ఆగస్టు పన్నెండున చేరమన్నారు.

నాన్న ఫోన్‌లో ముందు పెద్దనాన్న ఏమన్నాడు అని అడిగాడు. పొమ్మన్నాడు అన్నాను. పెద్దమ్మ నా పెట్టె సర్దుతూ, తీసేసి, మళ్ళీ సర్దుతోంది. మడత బాగా రాలేదట.

ఆగస్టు 14, బుధవారం

కొత్త గది. కిటికీలోంచి రోడ్డు, బస్సులు, ఎవరెవరో. చేరకముందు ఆదివారం రోజంతా చూశాను. ఆఫీసులో ఆరుగురం. ఎవరి బోర్డు వాళ్ళది. ఇవాళ స్టేషను ప్లాట్‌ఫారం కప్పు ఇచ్చారు. వెలుతురు ఎటునుంచి తేవాలని అడిగితే, నీ ఇష్టం అన్నారు. మధ్యాహ్నందాకా పెన్సిల్ పెట్టలేకపోయాను.

సెప్టెంబరు 2, సోమవారం

పెద్దమ్మ ఫోన్ చేసింది. ఏడో బ్లాకులో గోడ కొట్టారట. శనివారం కబురొచ్చిందట, వచ్చే శనివారంలోగా దిద్దివ్వాలట. పెద్దనాన్న రెండుసార్లు వెళ్ళి కొలతలు తెచ్చుకున్నాడట, తలుపేసుకుని గీస్తున్నాడట, అన్నానికి పిలిచినా పలకడం లేదట. నిన్ను రమ్మనడానికి చెయ్యలేదు అంది. రావద్దు అంది. నువ్వు రావద్దని చెప్పడానికే చేశాను అని ఫోన్ పెట్టేసింది, మళ్ళీ చేసి అదే మాట ఇంకోసారి చెప్పింది.